ఆస్తిక సమాజంలో నాస్తిక సమూహ నిర్మాణం: విజయవాడ నాస్తిక కేంద్రం అనుభవం

వ్యాససంగ్రహం

దేవుణ్ణి నమ్మకపోవడం వ్యక్తిగత నిర్ణయం. ఆ నిర్ణయంతో పెళ్ళి చేసుకోవడం, పిల్లలకు పేర్లు పెట్టడం, ఆప్తుల మరణాన్ని ఎదుర్కోవడం మాత్రం ఒక్క మనిషి వల్ల అయ్యే పనులు కావు. తెలుగు నేలపై ఈ సమస్యను సంస్థారూపంలో ఎదుర్కొన్న ప్రయత్నాలలో గోరా, సరస్వతీ గోరా దంపతులు స్థాపించిన నాస్తిక కేంద్రం ముఖ్యమైనది. మతం చేసే సామాజిక కార్యాలకు ఆ కేంద్రం ఏ ప్రత్యామ్నాయాలను కల్పించిందో, అవి ఎక్కడ ఫలించాయో, ఎక్కడ ఆగిపోయాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: నాస్తికత్వం, గోరా, సరస్వతీ గోరా, నాస్తిక కేంద్రం, కులాంతర వివాహం, వాసవ్య మహిళా మండలి, ప్రత్యేక వివాహ చట్టం.

1. ఉపోద్ఘాతం

‘నాస్తికుడు’ అనే మాటకు నేడు మనం చెప్పుకొనే అర్థం దేవుడు లేడనేవాడని. ధర్మశాస్త్ర సంప్రదాయంలో ఆ మాటకున్న ప్రధానార్థం వేరు. మనుస్మృతి దృష్టిలో వేదాన్ని నిందించేవాడు నాస్తికుడు. ఈశ్వరుణ్ణి అంగీకరించని సాంఖ్యులు, జగత్కర్త అవసరం లేదన్న మీమాంసకులు వేదప్రామాణ్యాన్ని ఒప్పుకొన్నందున ఆస్తికుల పంక్తిలోనే కూర్చున్నారు. వేదాన్ని కాదన్న బౌద్ధులు, జైనులు, చార్వాకులు నాస్తికులయ్యారు. అంటే ఈ దేశంలో ఆస్తిక నాస్తిక విభజన పుట్టుకలోనే నమ్మకానికి కాక కట్టుబాటుకు సంబంధించినది.

ఈ సూక్ష్మాన్ని విస్మరిస్తే ఆధునిక నాస్తికుడి ఇబ్బంది అర్థం కాదు. తెలుగు కుటుంబాలలో దేవుణ్ణి నమ్మని మేనమామో పెదనాన్నో ఉండడం వింత కాదు. పండుగనాడు ఆయన వాదిస్తాడు, ఇంటివాళ్ళు నవ్వుకుంటారు, అందరూ కలిసి భోజనం చేస్తారు. ఆయన తండ్రి తద్దినం పెట్టననో, కూతురి పెళ్ళికి పురోహితుణ్ణి పిలవననో అన్ననాడు ఆ నవ్వు ఆగిపోతుంది. మాటగా ఉన్నంతవరకు నాస్తికతను మన సమాజం సహిస్తుంది. అది నడవడిగా మారినప్పుడే వెలి మొదలవుతుంది. కనుక నాస్తికుడికి కావలసినది వాదబలం ఒక్కటే కాదు. వెలి పడ్డ తర్వాత నిలబడడానికి ఒక సమూహం కావాలి. గోరా జీవితాన్ని ఈ కోణం నుంచి చదివినవారు తక్కువ. ఆయనను గురించిన రచనలలో గాంధీతో జరిపిన చర్చలకు దక్కిన స్థానం, ఆ ఇల్లు నడిచిన తీరుకు దక్కలేదు.

2. జంధ్యం, ఉద్యోగం

గోపరాజు రామచంద్రరావు 1902 నవంబరు 15న నేటి ఒడిశాలోని ఛత్రపురంలో సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో వృక్షశాస్త్రం చదివారు. 1922లో సరస్వతితో వివాహం జరిగినప్పుడు ఆమెకు ఇంకా పదేళ్ళు నిండలేదు. మదురై, కోయంబత్తూరు, కొలంబోలలో పనిచేసిన కాలంలో ఆయన ఆలోచన క్రమంగా మారింది. దయ్యాలున్నాయని జనం విడిచిపెట్టిన ఇంట్లో కొలంబోలో ఈ దంపతులు కాపురముండడం, గర్భవతిగా ఉన్న సరస్వతి గ్రహణ నియమాలను పాటించక యథాప్రకారం తిరగడం ఆ మార్పుకు తొలి గుర్తులు. వృక్షశాస్త్రవేత్త పరీక్షించి చూడడాన్ని ప్రయోగశాల నుంచి ఇంటిలోకి తెచ్చుకున్నాడన్నమాట. అయితే ఆ పరీక్షలో శరీరం ఆయనది కాదు, ఆమెది. ఈ విషయానికి మళ్ళీ వద్దాం.

జంధ్యం విసర్జించడంతో ఆయన తండ్రి ఇంటికీ కులానికీ దూరమయ్యారు. నాస్తిక భావాలను బహిరంగంగా ప్రకటించినందుకు 1933లో కాకినాడ పి.ఆర్. కళాశాలలో ఉద్యోగం పోయింది. తర్వాత బందరు హిందూ కళాశాలలో చేరారు. 1939లో అదీ అదే కారణంగా ముగిసింది. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. బ్రాహ్మసమాజ ప్రభావంతో, రఘుపతి వేంకటరత్నం నాయుడు వంటి సంస్కర్త నేతృత్వంలో ప్రఖ్యాతి పొందిన కళాశాల పి.ఆర్. కళాశాల. విగ్రహారాధనను, కులభేదాన్ని, భోగం మేళాలను ఖండించిన సంస్కరణోద్యమ వారసత్వం గల చోట సైతం నిరీశ్వరవాదికి స్థానం లేకపోయింది. సంస్కరణోద్యమం దేవుళ్ళ సంఖ్యను తగ్గించగలిగింది, సున్నా వరకు వెళ్ళడానికి సిద్ధపడలేదు.

కులం, జీతం రెండూ పోయిన కుటుంబం ముందు మిగిలిన దారులు రెండే: రాజీపడడం లేదా కొత్త బంధుత్వాన్ని తయారుచేసుకోవడం. కృష్ణా జిల్లా ముదునూరు గ్రామస్థుల ఆహ్వానంపై 1940 ఆగస్టులో అక్కడ నెలకొల్పిన నాస్తిక కేంద్రం రెండో దారికి ఆరంభం.

3. ముదునూరు నుంచి పటమటకు

ముదునూరు కేంద్రం చేసిన పనులు చూస్తే నాస్తిక ప్రచారం వాటిలో ఒక భాగం మాత్రమే. వయోజన విద్య, అస్పృశ్యతా నివారణ, సహపంక్తి భోజనాలు, స్వాతంత్ర్యోద్యమ కార్యకర్తలకు శిక్షణ మిగిలిన భాగాలు. నాస్తికత్వాన్ని ఒక సిద్ధాంతంగా నిలబెడుతూ గోరా 1941లో ‘నాస్తికత్వము – దేవుడు లేడు’ అనే గ్రంథాన్ని వెలువరించారు. క్విట్ ఇండియా ఉద్యమంలో ఆ కుటుంబ సభ్యులు జైళ్ళకు వెళ్ళారు. 1947లో కేంద్రం విజయవాడ పటమటకు మారింది. 1949లో ‘సంఘం’ పత్రిక, 1969లో ఆంగ్లంలో ‘ది ఎథీస్ట్’ మాసపత్రిక వచ్చాయి.

సహపంక్తి భోజనాన్ని కొంత వివరంగా చూడాలి. కులవ్యవస్థలో కలిసి తినడానికి, పిల్లనిచ్చుకోవడానికి సంబంధించిన నియమాలే ప్రధానమైన గోడలు. గ్రామాలలో భక్తి సంప్రదాయాలు కూడా అందరూ దేవుని ముందు సమానులే అన్నాయి. ప్రసాదం దగ్గర ఆ సమానత్వం కనిపించి, ఇంటి వంటగది గుమ్మం దగ్గర ఆగిపోయేది. దేవుని పేరుతో కాక మనుషులమన్న హేతువుతో ఒకే బంతిలో కూర్చోమనడం నాస్తిక కేంద్రం చేసిన మార్పు. ఇందులో నాస్తికత్వం ఎక్కడుందని ఎవరైనా అడగవచ్చు. కులం కర్మఫలమని, కర్మఫలదాత దేవుడని నమ్మేచోట, ఆ పైకొసను తెంచితే తప్ప కింది ముడి వదలదని గోరా వాదన. నాస్తికత్వాన్ని అస్పృశ్యతా నివారణకు సాధనంగా ఆయన గాంధీ ముందు ప్రతిపాదించినది ఈ తర్కంతోనే. 1930లో ఉత్తరంతో మొదలైన ఆ పరిచయం 1944 చివరలో సేవాగ్రామంలో ముఖాముఖి సంభాషణగా మారింది. ఆ సంభాషణల వృత్తాంతాన్ని గోరా ఆంగ్లంలో రాయగా నవజీవన్ సంస్థ 1951లో ప్రచురించింది. సత్యమే దేవుడనే సూత్రానికి గాంధీ 1931 నాటికే వచ్చి ఉన్నందున ఆ ఇద్దరి మధ్య మాట్లాడుకోవడానికి వీలున్న నేల ఒకటి ముందుగానే ఏర్పడి ఉంది.

ఇదే భోజన కార్యక్రమం 1972 ఆగస్టులో విజయవాడలో గొడ్డుమాంసం, పందిమాంసం కలిపి వడ్డించే బహిరంగ కార్యక్రమంగా వచ్చినప్పుడు పెద్ద వివాదమైంది. హిందువుల, ముస్లింల నిషేధాలను ఒకేసారి దాటించి, మనుషులుగా కలపాలన్నది ఉద్దేశం. ఈ రెండు భోజనాలనూ ఒకే గాటన కట్టలేమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ముదునూరు బంతి ఊళ్ళో నిత్యం కలిసి బతకవలసిన వారిని దగ్గరకు చేర్చింది. విజయవాడ విందు అప్పటికే కట్టుబాట్లు దాటినవారి ధైర్యాన్ని ప్రదర్శించింది. రెండో దానివల్ల చర్చ పెరిగింది. సమూహం పెరిగిందనడానికి ఆధారం తక్కువ.

4. వివాహం: మంత్రం లేని ముడి

వివాహం దగ్గరే నాస్తికుడికి అసలు పరీక్ష. తెలుగునాట ఈ ఆలోచన గోరాతో మొదలు కాలేదు. త్రిపురనేని రామస్వామి చౌదరి సంస్కృత మంత్రాలకు బదులు తెలుగులో వివాహవిధిని రూపొందించి, బ్రాహ్మణేతర పౌరోహిత్యాన్ని ప్రోత్సహించారు. కమ్యూనిస్టు కుటుంబాలలో దండలు మార్చుకొని, పెద్దల ఉపన్యాసాలతో ముగిసే ‘స్టేజి పెళ్ళిళ్ళు’ 1940ల నుంచి వాడుకలోకి వచ్చాయి. పురోహితుణ్ణి మార్చడం, తంతును మార్చడం అనే ఈ రెండింటికీ గోరా కుటుంబం మూడోదాన్ని జోడించింది. అది కులం బయట సంబంధం చూడడం. తంతు లేని పెళ్ళి ఒకే కులంలో జరిగితే దేవుడు మాత్రమే తొలగుతాడు, కులం చెక్కుచెదరదు.

పెద్ద కుమార్తె మనోరమకు దళిత యువకుడైన అర్జునరావుతో వివాహం నిశ్చయమైనప్పుడు, వధూవరులలో ఒకరు హరిజనులైతేనే ఆశీర్వదిస్తానన్న నియమాన్ని అప్పటికే పెట్టుకొన్న గాంధీ, ఆ పెళ్ళిని సేవాగ్రామంలో జరిపించడానికి అంగీకరించారు. నాస్తికుల పెళ్ళి గనుక ప్రమాణంలో దేవుని పేరుకు బదులు సత్యం పేరు చెప్పడానికీ సమ్మతించారు. 1948 జనవరి 30న గాంధీ హత్య జరిగింది. అనుకున్న ప్రకారమే ఆ పెళ్ళి మార్చి 13న సేవాగ్రామంలో జరిగింది. 1960లో కుమారుడు లవణం, మహాకవి గుఱ్ఱం జాషువా కుమార్తె హేమలతను వివాహం చేసుకున్నారు.

పేర్ల విషయమూ ఇక్కడే చెప్పుకోవాలి. 1930 ఉప్పు సత్యాగ్రహ కాలంలో పుట్టిన కుమారుడు లవణం. యుద్ధకాలం పేరు తెచ్చుకొన్నవాడు సమరం. తొమ్మిదో సంతానం పేరు హిందీలో తొమ్మిదికి వాడే ‘నౌ’. దేవుని పేరు, తాత పేరు, కులసూచకం లేని ఈ పేర్లు చరిత్రనూ సంఖ్యనూ ఆశ్రయించాయి. మన ఇళ్ళలో పేరు పెట్టడమంటే పిల్లవాణ్ణి చనిపోయినవారితోనో ఇలవేల్పుతోనో ముడివేయడం. ఆ ముడిని తెంచినప్పుడు పిల్లలకు దేశకాలాలతో బంధుత్వం కలపాలన్న స్పృహ ఈ ఎంపికలో కనిపిస్తుంది.

5. పేరంటం లేని ఇల్లు

నాస్తికత్వాన్ని గురించిన చర్చలో తరచు మరుగున పడే ప్రశ్న స్త్రీలది. పురుషుడు గుడికి వెళ్ళడం మానేస్తే ఆయన కోల్పోయేది స్వల్పం. ఆయనకు కార్యాలయం ఉంటుంది, రచ్చబండ ఉంటుంది, పార్టీ ఉంటుంది. స్త్రీకి పూజ, నోము, వ్రతం కేవలం భక్తి కావు. శ్రావణ శుక్రవారం నాడు వాయనం ఇచ్చిపుచ్చుకోవడం, పేరంటానికి పిలవడం, పిలిపించుకోవడం ఆమెకున్న సామాజిక జీవితం. కాన్పుకు ఎవరు తోడుంటారు, జబ్బు చేస్తే గంజి ఎవరు కాచి ఇస్తారు అన్నవి ఆ పేరంటపు వరుసలోనే తేలుతాయి. భర్త నాస్తికుడైనందువల్ల భార్యకు పేరంటపు పిలుపు ఆగిపోతే, ఆ లోటు ఏ సిద్ధాంత గ్రంథం తీర్చదు. భర్త హేతువాద సభలకు వెళ్ళి, భార్య ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకొనే కుటుంబాలను ఎగతాళి చేసేవారు ఈ సంగతి ఆలోచించరు.

సరస్వతీ గోరా ప్రాముఖ్యం ఇక్కడ ఉంది. ఆమెను గోరా సహధర్మచారిణిగా మాత్రమే చెప్పే వ్యాసాలు ఆమె చేసిన పనిలో సగాన్ని వదిలివేస్తున్నాయి. కులాంతర, మతాంతర వివాహాలు చేసుకొని ఇళ్ళనుంచి వెళ్ళగొట్టబడినవారికి, వితంతువులకు, విడిచిపెట్టబడిన స్త్రీలకు పటమటలోని ఆ ఆవరణ పుట్టినిల్లయింది. 1969లో ఏర్పడిన వాసవ్య మహిళా మండలి ఈ పనికి సంస్థారూపం. వాస్తవికత, సంఘదృష్టి, వ్యక్తిత్వం అనే మూడు మాటల తొలి అక్షరాల కూర్పే ‘వాసవ్య’. వృత్తి శిక్షణ, ఆరోగ్యం, కుటుంబ సలహా వంటి కార్యక్రమాలతో అక్కడికి వచ్చినవారిలో ఎక్కువమంది ఆస్తికులే. రావడానికి నాస్తికత్వం షరతు కాలేదు. 1975 జులై 26న ఒక సభలో ప్రసంగిస్తూ గోరా మరణించాక, 2006లో తాను మరణించేవరకు మూడు దశాబ్దాలపాటు కేంద్రానికి పెద్దదిక్కుగా నిలిచినది ఆమె.

6. సేవ ద్వారా చుట్టరికం

ఆస్తిక సమాజం నడుమ నాస్తికులు ఎలా ఆమోదం పొందారన్న ప్రశ్నకు సమాధానం వాదోపవాదాలలో దొరకదు. నిప్పులపై నడిచి చూపడం, గ్రహణ సమయంలో బహిరంగంగా తినడం, మెదక్ ప్రాంతంలో బాణామతి భయాన్ని వైద్య దృష్టితో తొలగించబోవడం వంటివి వారికి పేరు తెచ్చాయి. విశ్వాసం తెచ్చినది వేరే పని. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన తర్వాత సహాయ, పునరావాస కార్యక్రమాలలో కేంద్రం నిలబడింది. హేమలతా లవణం స్టువర్టుపురం ప్రాంతంలో, వలసపాలనలో నేరస్థ జాతులుగా ముద్రపడినవారి కుటుంబాలతో ‘సంస్కార్’ ద్వారా పనిచేశారు. ఆ ముద్రవేసిన 1871 నాటి చట్టం స్వాతంత్ర్యానంతరం రద్దయినా, పోలీసు రికార్డులలోనూ పొరుగువారి చూపులోనూ ముద్ర మిగిలే ఉన్న కాలమది. నిజామాబాద్ జిల్లాలో ఆమె జోగినీ వ్యవస్థపై సాగించిన కృషి, 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దేవదాసీ సమర్పణ నిషేధ చట్టం తెచ్చిన నేపథ్యంలో భాగం.

జోగినీ విషయంలో ఒక చిక్కు ఉంది. దేవత పేరుతో జరిగే అంకితాన్ని ఆపాలంటే దేవత లేదని చెప్పడం సూటి మార్గంగా తోస్తుంది. ఊరిలో ఆ మాట పనిచేయదు. దేవతకు కోపం వస్తుందన్న భయం కన్నా, జోగినిగా మారిన స్త్రీకి తిండి, ఇల్లు, పిల్లలకు తండ్రి పేరు ఎలా అన్నవే పెద్ద ప్రశ్నలు. వర్ని దగ్గర ‘చెల్లి నిలయం’ వంటి ఆశ్రయం నెలకొల్పడం ఆ ప్రశ్నలకు జవాబు. నాస్తికత్వాన్ని నిరాకరణగా కాక నిర్మాణాత్మక జీవనవిధానంగా నిర్వచించాలన్న గోరా ప్రయత్నం ఆయన పుస్తకాలలోకన్నా ఇటువంటి పనులలో స్పష్టంగా తెలుస్తుంది.

పరిమితులు లేకపోలేదు. కేంద్రం నాయకత్వం ప్రధానంగా గోరా సంతానంలోనే కొనసాగింది. రక్తసంబంధానికి ప్రత్యామ్నాయంగా పుట్టిన సమూహం తిరిగి ఒక కుటుంబం చుట్టూ అల్లుకోవడం ఆలోచించదగినది. రావిపూడి వెంకటాద్రి రచనల ద్వారా, ‘హేతువాది’ పత్రిక ద్వారా సాగిన హేతువాద ధార, 1972లో జయగోపాల్ విశాఖపట్నంలో స్థాపించిన భారత నాస్తిక సమాజం, 1988లో మొదలైన జనవిజ్ఞాన వేదిక తమతమ దారులలో నడిచాయి. నాస్తికులు, హేతువాదులు, మానవవాదులు అనే పేర్ల మధ్య జరిగిన వాదాలకు పత్రికలలో చాలా చోటు దక్కింది. ఊరిలో ఒంటరిగా ఉన్న నాస్తికుడికి ఆ భేదాలతో పనిలేదు.

7. మరణం

పెళ్ళి విషయంలో నాస్తికుడు తన మాట నెగ్గించుకోగలడు, బతికే ఉంటాడు గనుక. చనిపోయినప్పుడు నిర్ణయం ఇతరులది. జీవితమంతా కర్మకాండను కాదన్నవారికి సైతం పెద్దకర్మ జరిగిన సందర్భాలు తెలుగునాట అనేకం. శరీరాన్ని వైద్య కళాశాలకు ఇవ్వాలని రాసిపెట్టినా, ఆచరణలో దాన్ని అప్పగించవలసినది వారసులే. శవం ఇంట ఉండగా అక్కచెల్లెళ్ళు, దాయాదులు ఆత్మశాంతి గురించి నిలదీస్తుంటే, పుట్టెడు దుఃఖంలో ఉన్న భార్యో కొడుకో ఆ ఒత్తిడికి ఒంటరిగా నిలవలేరు. కళాశాలకు కబురుచేసి, వాహనం తెప్పించి, కాగితాలపై సంతకాలు చేయించి, ఆ తర్వాత సంస్మరణ సభకు నలుగురిని కూర్చే మనుషులు పక్కనుంటేనే మృతుడి మాట నిలుస్తుంది. కుల సమాజంలో పాడె మోయడానికి ఎవరూ చెప్పకుండానే మనుషులు వస్తారు. నాస్తిక సమూహం ఎంత గట్టిదో తేలేది ఆ పూటనే.

8. చట్టం దృష్టిలో నాస్తికుడు

భారత రాజ్యాంగం 25వ అధికరణం అంతఃకరణ స్వేచ్ఛను హామీ ఇచ్చింది. పదవీప్రమాణంలో దేవుని పేరుకు బదులు ఆత్మసాక్షిగా ప్రమాణం చేసే వీలు కల్పించింది. కుటుంబ చట్టాలలో మాత్రం నాస్తికుడికి విడిగా చోటు లేదు. 1955 హిందూ వివాహ చట్టం ముస్లిం, క్రైస్తవ, పార్సీ, యూదు మతస్థులు కానివారందరికీ సాధారణంగా వర్తిస్తుంది. హిందూ తల్లిదండ్రులకు పుట్టి ఏ మతమూ లేదన్నవాడు చట్టం లెక్కలో హిందువే. ఆ చట్టం కింద వివాహం చెల్లాలంటే ఆచారసిద్ధమైన తంతు జరగాలి. తమిళనాడు 1967లో సవరణ తెచ్చి ఆత్మగౌరవ వివాహాలకు చెల్లుబాటు కల్పించింది. తెలుగు నేలపై అటువంటి సవరణ రాలేదు. కనుక తంతు వద్దనుకొనేవారికి మిగిలినది 1954 ప్రత్యేక వివాహ చట్టం. దీనికి పూర్వరూపమైన 1872 చట్టం, తాము ప్రధాన మతాలలో దేనికీ చెందమని వధూవరులు ప్రకటించాలని అడిగేది. 1954 చట్టం ఆ షరతును తొలగించింది. ముప్పై రోజుల బహిరంగ నోటీసును మాత్రం ఉంచింది. కులాంతర జంటకు ఆ ముప్పై రోజులు ఎంత ప్రమాదకరమో వేరే చెప్పనక్కరలేదు. చివర వధూవరులతో పాటు ముగ్గురు సాక్షులు సంతకం చేయాలి. ఇంటినుంచి వచ్చేసిన జంటకు ఆ ముగ్గురు ఎక్కడినుంచి వస్తారన్నది చట్టం పట్టించుకోని ప్రశ్న. నాస్తిక కేంద్రం వంటి సంస్థలు దశాబ్దాలుగా చేస్తున్నది ఆ ముగ్గురినీ సమకూర్చడమే.

మతం లేదని కాగితంపై రాయడానికి అయ్యే ఖర్చు అందరికీ సమానం కాదు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు, తర్వాతి సవరణలతో కలిపి, హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే ఆ హోదాను పరిమితం చేసింది. దళిత నాస్తికుడు ధృవపత్రంలో ‘మతం లేదు’ అని రాస్తే తన పిల్లల రిజర్వేషన్ వివాదంలో పడుతుందేమోనన్న భయం నిరాధారం కాదు. అగ్రవర్ణ నాస్తికుడికి ఆ భయం లేదు. బడి దరఖాస్తులో మతం గడిని ఖాళీగా వదలడాన్ని నాస్తికత్వానికి గీటురాయిగా భావించేవారు ఈ అసమానతను లెక్కలోకి తీసుకోవాలి. 2011 జనగణనలో నాస్తికులుగా నమోదైనవారు దేశమంతటా దాదాపు 33 వేలు. మతం చెప్పనివారు దాదాపు 29 లక్షలు. గణకుడు గుమ్మంలో నిలిచి ఇంటిపెద్దను అడిగి రాసుకొనే పద్ధతిలో, ఆ ఇంట్లో నమ్మకం లేని కోడలు ఏ అంకెలోనూ చేరదు.